అరచేతిలో కదిలే గోదారి

భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. దూరాన ఉన్నవాళ్లకు అవి వార్తల్లో వినిపించే అంకెలు. వంతెనకు ఇవతల సారపాకలో ఉన్నవాళ్లకు మాత్రం ఒక్కో అంకెకూ ఒక్కో ప్రశ్న. సామాన్లు సర్దాలా? పశువుల్ని తోలుకెళ్లాలా? భద్రాచలం వెళ్లినవాళ్లు తిరిగి రాగలరా? 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరిన వరదలో ఆ వంతెన మీద రాకపోకలే ఆగిపోయాయి.

మరి, చదువురాని ఓ అవ్వకు ఆ మూడు అంకెల్నీ సెల్‌ఫోన్‌లో చెప్పాలంటే? అక్షరాలు చాలవు. కదిలే బొమ్మ కావాలి!

చుక్కల లెక్క

సెల్‌ఫోన్‌లో బొమ్మ కదిలించడం ఒకప్పుడు చిన్న పనేం కాదు. 2000లో వచ్చిన నోకియా 3310 తెర మీద అడ్డంగా 84, నిలువుగా 48 చుక్కలే. అదీ రంగుల్లేకుండా. ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు అక్షరం అందులో పట్టడమే గగనం. 2002లో వచ్చిన 7650లో రంగుల తెర 176కు 208 చుక్కలు. ఇక అక్కణ్నుంచీ కదిలే వాల్‌పేపర్లూ పండగ గ్రీటింగులూ ఎంఎంఎస్‌లూ వరస కట్టాయి. వీడియో ఉన్న ఎంఎంఎస్‌కు ప్రమాణాలు పెట్టిన హద్దు మొదట 100, తర్వాత 300 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫొటోయే అంతకు చాలా రెట్లు ఉంటుంది. ఆ కాస్త చోటులోనే కథంతా ఇరికించాలి.

అందుకే ఈ పనిలో మొదటి పాఠం... ఏం గీయాలన్నది కాదు, ఏం వదిలేయాలన్నది. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు కావాలి. ఫోన్‌కు ఎనిమిదో పదో చాలు. ముందు బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారిన భాగాన్ని మాత్రమే దాచుకుంటే బరువు ఇట్టే తగ్గుతుంది. కాబట్టి ఆకాశం, ఒడ్డు, చెట్లు కదలకూడదు. నీళ్లలో ఓ గుంజ, దాని మీద మూడు గీతలు... నీరొక్కటే పైకి రావాలి. అంతే!

మాట కూడా బరువే. కానీ ఫోన్ సంభాషణల కోసం తయారైన ఏఎంఆర్ పద్ధతిలో, సెకనుకు 12.2 కిలోబిట్ల చొప్పున దాచితే, 20 సెకన్ల మాట 30 కిలోబైట్లలో సర్దుకుంటుంది. ఇక్కడే ఓ సౌకర్యం ఉంది. చుట్టుపక్కల గూడేల్లో కోయ భాష మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల కోసం బొమ్మ మళ్లీ గీయక్కర్లేదు. గొంతు మారిస్తే చాలు.

పాత పాఠమే... కొత్త ఫోన్‌కు

ఆ రోజుల్లో వాడిన సాధనాలు చాలావరకూ పోయాయి. కదిలే బొమ్మలకు పెద్ద దిక్కుగా ఉన్న ఫ్లాష్‌కు 2020 చివరితో అడోబ్ సాయం ఆపేసింది. 2017లో ఎయిర్‌బీఎన్‌బీ బయటపెట్టిన లాటీ, బొమ్మను చుక్కలుగా కాకుండా గీతల లెక్కలుగా పంపుతుంది. తెర ఎంత పెద్దదైనా బొమ్మ చెదరదు, ఫైలూ తేలిగ్గా ఉంటుంది.

ఫోన్లు పెద్దవయ్యాయి కదా, ఇంత పొదుపు ఎందుకంటారా? కరెంటు పోయిన వానరాత్రి, సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతే పెద్ద వీడియో చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. చిన్న బొమ్మ చేరిపోతుంది.

అయినా అసలు పరీక్ష కంప్యూటర్ ముందు కాదు, అవ్వ ముందు. బాణం గుర్తు చూపిస్తే 'పైకి' అని ఆమెకు అర్థమవుతుందా? ఎరుపంటే ప్రమాదమనా, పండగనా? మూడో గీత మునగ్గానే ఏ దారిన నడవాలో తెలిసిందా? బొమ్మ చూసిన అవ్వ ఫోన్ పక్కన పెట్టి మూట సర్దడం మొదలుపెడితే... ఆ కొన్ని కిలోబైట్లూ పనిచేసినట్టే!