నిన్నొక బరువు, నేడొక బరువు!

ఒకప్పుడు మన రైల్వే స్టేషన్లలో రంగురంగుల దీపాలతో మనిషెత్తు బరువు యంత్రం ఒకటి నిలబడి ఉండేది. దాని మీదకెక్కి, అద్దం వెనుక తిరిగే చక్రం ఆగేదాకా ఉండి, నాణెం వేస్తే టక్కుమని ఒక చిన్న అట్టముక్క బయట పడేది. అందులో మన బరువుతో పాటు మన జాతకం కూడా అచ్చయి ఉండేది! జాతకాన్ని చదివి నవ్వుకొని వదిలేసినవారు కూడా బరువును మాత్రం పూర్తిగా నమ్మేవారు. ఆ అంకెను కూడా కాస్త ఆలోచించి నమ్మాలని చాలామందికి తోచేది కాదు. ఎందుకు ఆలోచించాలో ఇప్పుడు చూద్దాం.

మీ ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. మీ నాన్నగారి బరువు 82 కిలోలు. రక్తంలో చక్కెర హద్దు దాటిందనీ, కొంత బరువు తగ్గితే మంచిదనీ డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు నుంచి నాన్నగారు తెల్లవారుజామునే లేచి నడుస్తున్నారు. సాయంత్రం బజ్జీలు మానేశారు. రాత్రి అన్నం తగ్గించారు. ఇంటికి బరువు యంత్రం కూడా వచ్చింది. మొదటి రోజు 82.0. రెండో రోజు 81.6. ఇల్లంతా సంతోషించింది. మూడో రోజు 82.7! ఇలా ఎక్కుతూ దిగుతూ పదో రోజుకు 82.3 చూపింది. "పది రోజులు నోరు కట్టుకుంటే మొదటికన్నా మూడు వందల గ్రాములు పెరిగాను. ఇదంతా దండగ" అని ఆయన యంత్రాన్ని మంచం కిందకు తోసేశారు. మర్నాడు నడకకు కూడా వెళ్లలేదు.

ఆయనకు మీరేం చెబుతారు? యంత్రం చెడిపోయిందనా? నాన్నగారు చాటుగా ఏదో తిన్నారనా? రెండూ కాకపోవచ్చు. ముందు ఒక చిన్న లెక్క చేద్దాం.

నూట యాభై నాలుగు ఇడ్లీలు

మన శరీరంలో ఒక కిలో కొవ్వు చేరాలంటే, ఖర్చయ్యే శక్తికన్నా సుమారు 7,700 కిలోకాలరీల ఆహారం అదనంగా తినాలి. ఒక ఇడ్లీలో 50 కిలోకాలరీలు ఉన్నాయనుకుందాం. 7,700ను 50తో భాగిస్తే 154. అంటే రోజూ తినే భోజనం తిన్నాక, పైన మరో 154 ఇడ్లీలు తింటే గాని రాత్రికి రాత్రి ఒక కిలో కొవ్వు పెరగదు! ఎంత తిండిపుష్టి ఉన్నవారికైనా ఇది సాధ్యమా? కాదు గదా! కనుక రెండో రోజుకూ మూడో రోజుకూ మధ్య పెరిగిన ఆ 1.1 కిలోలు కొవ్వు కావు. మరి ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఒక శాస్త్రజ్ఞుడు దాదాపు ముప్ఫయి సంవత్సరాలు త్రాసులో కూర్చున్నాడంటే నమ్ముతారా?

త్రాసులో కూర్చున్న వైద్యుడు

ఆయన పేరు సాంటోరియో సాంటోరియో. 1561లో పుట్టాడు. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర ఆచార్యుడు. గెలీలియోకు సమకాలికుడు. ఆయన ఒక పెద్ద త్రాసు దండానికి కుర్చీని వేలాడదీయించాడు. భోజనానికి ముందు, భోజనం తర్వాత, నిద్రకు ముందు, నిద్ర తర్వాత అందులో కూర్చుని తన బరువు చూసుకునేవాడు. తిన్నదీ తాగినదీ తూచేవాడు. మలమూత్రాలను కూడా విడిచిపెట్టలేదు! ఆ ఫలితాలన్నీ 1614లో ఒక పుస్తకంగా ప్రకటించాడు.

ఆయన గమనించిన వింత ఇది. తిన్నదీ తాగినదీ కలిపి ఎనిమిది పాళ్లు అయితే, అందులో సుమారు అయిదు పాళ్లు కంటికి కనబడకుండానే శరీరం నుంచి వెళ్లిపోతున్నాయి. చెమట పట్టకపోయినా సరే, బరువు తగ్గుతూనే ఉంది. దీనికి ఆయన 'తెలియకుండా పట్టే చెమట' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అప్పటికి ఆక్సిజన్ సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి ఊపిరి లెక్క ఆయనకు పూర్తిగా అందలేదు. ఆ లెక్కను 18వ శతాబ్దం చివరలో ఫ్రాన్సులో లావోయిజే, సెగాఁ అనే శాస్త్రజ్ఞులు ముందుకు నడిపించారు.

ఈనాడు మనకు తెలిసింది ఇది. పెద్దవారి శరీరం నుంచి చర్మం ద్వారా, ఊపిరి ద్వారా రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు మనకు తెలియకుండానే ఆవిరైపోతుంది. ఎండలో పనిచేస్తే పట్టే చెమట దీనికి అదనం. ఇది గాక, మనం తిన్న ఆహారంలోని కార్బన్ ఊపిరితో కార్బన్ డై ఆక్సైడుగా, అంటే మన పెద్దలు బొగ్గుపులుసు వాయువు అనేదిగా, బయటకు పోతుంది. అన్నట్టు, శరీరంలో కొవ్వు కరిగితే అది ఎక్కడికి పోతుందో తెలుసా? 10 కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణం చెందితే, అందులో 8.4 కిలోలు కార్బన్ డై ఆక్సైడుగా ఊపిరిలో కలిసిపోతాయి. మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. కొవ్వు కరగడమంటే చాలావరకు గాలిలో కలిసిపోవడమే!

అసలు దొంగ నీరు

లీటరు నీటి బరువు ఒక కిలో. ఇది మీకు ఆరో తరగతిలోనే తెలుసు. రెండు పెద్ద గ్లాసుల నీళ్లు తాగి యంత్రం ఎక్కితే అర కిలో పెరుగుతారు. మూత్రానికి వెళ్లివస్తే తగ్గుతారు. ఇందులో వింత ఏమీ లేదు. కాని శరీరం నీటిని దాచుకునే తీరు మాత్రం కాస్త తమాషాగా ఉంటుంది.

మొదటిది ఉప్పు. ఆసుపత్రిలో నరానికి ఎక్కించే సెలైను నీరు చూశారా? లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తంలోని లవణాల గాఢతకు అది దాదాపు సరిపోతుంది. శరీరం ఆ గాఢతను మారనివ్వదు. ఉప్పు ఎక్కువైతే దాహం వేయించి, నీటిని నిలవబెట్టి, సరిచేసుకుంటుంది. పెళ్లి భోజనంలో ఆవకాయ, అప్పడాలు, వడియాలు రుచిగా లాగించిన మర్నాడు బరువు పెరగడానికి ఇదే ప్రధాన కారణం. తర్వాత మూత్రపిండాలు అదనపు ఉప్పునూ దానితో పాటు నీటినీ ఒకటి రెండు రోజుల్లో బయటకు పంపేస్తాయి.

రెండోది గ్లైకోజన్. మనం తిన్న పిండిపదార్థాలలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజన్ రూపంలో కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ చేస్తుంది. పెద్దవారిలో ఇది సుమారు 500 గ్రాములు ఉండవచ్చు. ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అంటే ఈ గాదె నిండుగా ఉన్నప్పటికీ ఖాళీ అయినప్పటికీ మధ్య రెండు కిలోల తేడా! అన్నం ఒక్కసారిగా తగ్గించినవారికి మొదటి వారంలోనే బరువు బాగా దిగడం, మళ్లీ అన్నం తినగానే ఎక్కడం ఇందువల్లనే. దిగినప్పుడు పోయిందీ కొవ్వు కాదు, ఎక్కినప్పుడు వచ్చిందీ కొవ్వు కాదు.

ఇవి గాక మరికొన్ని ఉన్నాయి. కొత్తగా వ్యాయామం మొదలుపెడితే నొప్పిపట్టిన కండరాలు మరమ్మతు కోసం కొంత నీటిని పట్టి ఉంచుకుంటాయి. చాలామంది ఆడపిల్లలకూ స్త్రీలకూ నెలసరికి ముందు కొన్ని రోజులు ఒంట్లో నీరు నిలిచి బరువు పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. కడుపులో, పేగుల్లో ఉన్న ఆహారం బరువు ఎలాగూ ఉంది.

ఒక్క రోజులో ఎంత తేడా రాగలదో దేశమంతా చూసిన సందర్భం ఒకటి ఉంది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల కుస్తీ విభాగంలో వినేశ్ ఫోగట్ 6వ తేదీ ఉదయం తూకంలో నెగ్గి, ఆ రోజే మూడు పోటీలు గెలిచింది. 7వ తేదీ ఉదయం ఫైనలుకు ముందు తూచితే 100 గ్రాములు ఎక్కువ ఉన్నట్టు తేలి అనర్హురాలైంది. పోటీల మధ్య తీసుకున్న ఆహారం, నీరు శరీరంలో చేరాయి. ఆ రాత్రి ఎంత శ్రమించినా ఆ వంద గ్రాములు దిగలేదు.

యంత్రానికి కూడా పరీక్ష పెట్టండి

శాస్త్ర విద్యార్థి కొలతను నమ్మేముందు కొలిచే సాధనాన్ని పరీక్షించాలి. స్ప్రింగు యంత్రం ద్రవ్యరాశిని నేరుగా కొలవదు, భారం వల్ల స్ప్రింగులో కలిగే మార్పును చూపుతుంది. అంకెలు చూపే నేటి యంత్రాల్లో ఒక లోహపు ముక్క భారానికి కొద్దిగా వంగుతుంది. దాని మీద అంటించిన సన్నని తీగల విద్యుత్ నిరోధం మారుతుంది. యంత్రాన్ని మెత్తని చాప మీదో ఎగుడుదిగుడు నేల మీదో పెడితే ఈ కొలత తప్పుతుంది.

ఇలా చేసి చూడండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో నీళ్లు నింపి, యంత్రాన్ని గట్టి నేల మీద ఉంచి, వారం రోజులు అదే చోట ఆ డబ్బాను తూచండి. డబ్బా బరువు మారకపోతే యంత్రం మంచిదే. ఊగుతున్నది మనిషి బరువే. డబ్బా బరువు కూడా మారుతూ ఉంటే దోషం యంత్రానిది!

అలలు చూడవద్దు, ఆటు చూడండి

ఇప్పుడు నాన్నగారి దగ్గరకు వద్దాం. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున నిలబడ్డారనుకోండి. ఒక అల ముందుకు వచ్చి మీ పాదాలు తడిపింది. దాన్ని చూసి సముద్రం పోటు మీద ఉందని చెప్పగలరా? చెప్పలేరు. ఆటు సమయంలో కూడా అలలు ముందుకు వస్తూనే ఉంటాయి. ఇసుకలో ఒక పుల్ల గుచ్చి, కొన్ని గంటలు చూస్తే గాని నీరు వెనక్కి పోతున్నదీ లేనిదీ తెలియదు. రోజువారీ బరువులు అలలు. కొవ్వు తగ్గడం ఆటు. అలలను తీసివేసి ఆటును చూపే సాధనం మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. అదే సగటు.

నాన్నగారిని బతిమాలి మరో పదకొండు రోజులు నడిపించారనుకుందాం. రోజూ ఉదయం, కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, అవే పల్చని బట్టలతో తూచి మీరు నోటుపుస్తకంలో రాశారు.

మొదటి వారం: 82.0, 81.6, 82.7, 82.1, 81.5, 81.9, 81.8. సగటు 81.9.
రెండో వారం: 81.4, 81.9, 82.3, 81.6, 81.2, 81.3, 81.0. సగటు 81.5.
మూడో వారం: 81.2, 81.6, 80.9, 80.7, 81.5, 81.1, 80.7. సగటు 81.1.

అంకెలను విడివిడిగా చూస్తే అంతా గందరగోళం. సగటులు చూస్తే వారానికి 400 గ్రాములు నిదానంగా దిగుతున్నాయి. రోజుకు సుమారు 57 గ్రాములు. ఒక నిమ్మకాయంత! కిలోకు పైగా ఊగే అలల మధ్య నిమ్మకాయంత మార్పు ఒక్క రోజులో ఎలా కనబడుతుంది? నాన్నగారు యంత్రాన్ని మంచం కిందకు తోసిన పదో రోజున కూడా ఆయన నడక ఫలిస్తూనే ఉంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. మనం అడగవలసిన ప్రశ్న అడగలేదు, అంతే.

ఈ అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తించి చూడండి. రోజు బరువులు నీలి చుక్కలతో, వారపు సగటులు ఎర్ర చుక్కలతో పెట్టండి. ఆ గ్రాఫు గోడకు అంటిస్తే ఏ ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది. అయితే నాలుగైదు వారాలైనా సగటు కదలకపోతే, అప్పుడు తిండీ నడకా గురించి డాక్టరుతో మళ్లీ మాట్లాడవలసిందే. సగటు మనల్ని ఓదార్చడానికే కాదు, నిజం చెప్పడానికి కూడా ఉంది.

మీకొక మాట

ఇదంతా పెద్దవారి లెక్క. మీరు ఎదిగే వయసులో ఉన్నారు. ఎముకలు, కండరాలు, రక్తం అన్నీ పెరుగుతున్నాయి కాబట్టి మీ బరువు ఏటేటా పెరగాలి. పెరగకపోతేనే ఆలోచించాలి. స్నేహితులు ఏదో అన్నారని పూట భోజనం మానేయడం, నీళ్లు తాగకుండా ఉండడం చాలా ప్రమాదం. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు పోటీ తూకం కోసం ఒంట్లో నీటిని చెమటగా పోగొట్టుకునే ప్రయత్నంలో ప్రాణాలే పోగొట్టుకున్నారు. వారు వదుల్చుకున్నది కొవ్వు కాదు, శరీరం బతకడానికి కావలసిన నీరు. మీ బరువు గురించి బెంగగా ఉంటే అమ్మతోనో, ఉపాధ్యాయులతోనో చెప్పండి. మీ వయసుకూ ఎత్తుకూ తగిన బరువు ఎంతో డాక్టరు చూసి చెబుతారు. యంత్రం మీది ఒక్క అంకెకు ఆ తెలివి లేదు.

ఆనాటి అట్టముక్క మీద బరువూ జాతకమూ కలిసి ఉండేవని చెప్పుకున్నాం గదా! ఒక్క రోజు బరువు చూసి రేపటి గతి నిర్ణయించుకోవడం కూడా జాతకం చదవడం లాంటిదే. మూడు వారాల బరువులు రాసి, సగటు కట్టి చూడడం విజ్ఞానం.