ఇలకూర

గౌతమీ గోదావరి సముద్రమున కలియు చోట, మడయడవుల వెనుక, పోటునీరు వచ్చి పోవు చవిటి పఱ్ఱలు కలవు. వరి అచట బ్రదుకదు. అట్టి నేలపై జానెడు, మూరెడు ఎత్తున పెరుగు చిన్నమొక్క ఇలకూర. తమిళులు దీనిని ఉమరి యందురు. ఆకులు సన్నని పుల్లలవలె నుండి, కండపట్టి, నమలిన ఉప్పగా నుండును. తోటకూర, పాలకూర, బీటుదుంప దీని దాయాదులే. ఎండలు ముదిరినపుడు మొక్క ఎఱ్ఱవాఱును. బీటుదుంపకు ఎఱుపు నిచ్చు రంగుజాతియే దీనికిని ఆ వన్నె నిచ్చుచున్నది.

దీనిని పేదల కూరయని చిన్నచూపు చూచువారు ఒక సంగతి వినవలెను. మన యానామునకు దూరము కాని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా నుండి, మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు 1791 మొదలు ఈ తీరమును పీడించిన కఱవు కాలమున ఇచటనే యుండెను. ఈ ఆకు దొరికినంత కాలము సముద్రతీరపు పేదలకు ఇంచుమించు ఇదియే ఆహారమనియు, వేలకొలది ప్రాణములను ఇది నిలిపినదని జనులు చెప్పుచుండిరనియు ఆయన వ్రాసెను. ఆ మాటలు ఆయన మరణానంతరము 1832లో అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’లో నున్నవి.

ఇతర సస్యములు చచ్చు చోట ఇది యెట్లు బ్రదుకుచున్నది? మాగాయకై మామిడిముక్కలకు ఉప్పు కలిపి యుంచిన ఊట దిగుట మన యిండ్లలో ఎల్లరు ఎఱిగినదే. ఉప్పు హెచ్చుగా నున్న వైపునకు నీరు పోవును. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. అట్టి నీరు నిండిన నేలనుండి వరివేరు నీటిని పీల్చుకొనజాలదు. ఇలకూర మాత్రము ఉప్పును లోనికి రానిచ్చి, ఆకుకణములలోని నీటితిత్తులలో బంధించి, జీవక్రియలు జరుగు భాగమునకు తగులనీయదు. ఆకులోని ఉప్పు నేలలోని దానికంటె హెచ్చగుటచే నీరు వేరునుండి పైకి వచ్చును. శత్రువును కొలువున పెట్టుకొన్నట్లున్నది గదా!

వండుటకు లేతకొనలను మాత్రము త్రుంచి, బాగుగా కడిగి, ఉడికించి, ఆ నీరు పారబోసి పిండవలెను. అందువలన ఉప్పును, ఆక్సాలిక ఆమ్లమును చాలవఱకు పోవును. పిమ్మట కందిపప్పుతో కలిపి తాలింపు పెట్టవచ్చును. రుచి చూడక ఉప్పు వేయరాదు. రక్తపుపోటు గలవారు దీనిని మానుటయే మేలు. మురుగుకాలువల దరిని పెరిగిన దానిని కోయరాదు, ఏలయన ఈ మొక్క ఉప్పుతోపాటు విషలోహములను సైతము పీల్చుకొనును. బాలబాలికలు పెద్దలకు చూపక ఏ ఆకును నోట పెట్టుకొనరాదు.

గట్లు వేసి రొయ్యలచెరువులుగా మార్చిన పఱ్ఱలలో పోటునీరు స్వేచ్ఛగా పాఱదు, ఇలకూరకు తావు దొరకదు. కోరంగి మడభూమి 1978లో అభయారణ్యమైనది. అచట దీనిని కోయరాదు గాని, కనులార చూడవచ్చును.