పట్టిందల్లా పడేసే బిడ్డ

సండే స్కూల్లో యాక్షన్ సాంగ్ పాడుతుంటే అందరి చేతులూ పైకి లేచాక గాని ఒక బిడ్డ చేతులు లేవవు. క్రిస్మస్ నాటకంలో కాపరి వేషం వేస్తే చేతికర్ర జారి పడుతుంది. సంఘమంతా నవ్వుతుంది. ఆ నవ్వులో మేమూ గొంతు కలిపిన సందర్భాలున్నాయి. మరుసటి ఆదివారం కడుపునొప్పి అని ఆ బిడ్డ ఇంట్లో ఉండిపోతే, ఎందుకని మనం అడగం.

ఇలాంటి పిల్లల్లో కొందరిది బద్ధకమూ కాదు, అశ్రద్ధా కాదు. వైద్యులు దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. డిస్‌ప్రాక్సియా అనే పేరూ ఉంది. బడి వయసు పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఇది ఉంటుందని అంచనా. నెలలు నిండకుండా పుట్టిన వారిలో ఎక్కువ. ఏ కదలిక తర్వాత ఏది, ఎంత వేగంగా, ఎంత బలంతో అన్నది మెదడు కూర్చుకోవడంలోనే ఇబ్బంది. చొక్కా గుండీలు మనం ఆలోచించకుండా పెట్టుకుంటాం. ఆ బిడ్డకు మాత్రం ప్రతిసారీ అది కొత్త పనే. అందుకే త్వరగా అలసిపోతాడు. తెలివికి దీనితో సంబంధం లేదు. కంఠత వాక్యం తడబడకుండా అప్పజెప్పే బిడ్డే దాన్ని నోట్‌బుక్‌లో వరుసగా రాయలేకపోవచ్చు.

తల్లిదండ్రులారా, ఇది మీ పెంపకంలో లోపం కాదు. దీనికి మాత్రలు లేవు, తిట్లతోనూ పోదు. సాధారణంగా 5 ఏళ్లు నిండాకే నిర్ధారిస్తారు. చూపు లోపం గాని, నరాల జబ్బు గాని లేదని ముందు పిల్లల డాక్టరు చూడాలి. వచ్చిన పనులే మరచిపోతుంటే అసలు ఆలస్యం చేయవద్దు. ఆ తర్వాత ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయం కావాలి. జిల్లాలోని డీఈఐసీ కేంద్రంలో విచారించండి.

ఇంట్లో మార్గం ఒకటే: ఏ పని రావాలో ఆ పనినే చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, రోజూ కాసేపు చేయించడం. మొదట పెద్ద గుండీలు, తర్వాత చిన్నవి. తాడు బూట్ల బదులు అంటించే పట్టీల బూట్లు కొన్నా తప్పులేదు. అన్నదమ్ములతో పోల్చకండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాల్లో డిస్‌ప్రాక్సియాను పేరుపెట్టి చేర్చింది. తగిన ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం కోరవచ్చు. అది ఒకరి దయ కాదు.

సండే స్కూల్ టీచర్లకు ఒక మనవి. ఆ బిడ్డను నాటకం నుంచి తప్పించకండి. నాలుగు రోజులు ముందుగా నేర్పండి, మాట్లాడే పాత్ర ఇవ్వండి. కర్ర జారితే పక్కనున్నవారు తీసి చేతికివ్వండి. నవ్వడం మాత్రం మానేద్దాం. మొదట మేమే మానుకుంటున్నాం.