విశాఖ తీరపు పాత గోడలు: చలికాలపు ఉప్పు క్షయం – నివారణ

వ్యాససంగ్రహం:
శీతల దేశాల్లో చలికాలానికి ముందే కట్టడపు గోడలను మంచు దెబ్బ తగలకుండా సిద్ధం చేస్తారు. విశాఖపట్టణంలో గోడలోని నీరు గడ్డకట్టదు. కానీ వానలు వెనుదిరిగి గాలి పొడిబారే నెలల్లో గోడలో ఇంకిన ఉప్పు స్ఫటికమై అదే నష్టం కలిగిస్తుంది. ఈ క్షయం జరిగే తీరును, సిమెంటు మరమ్మతు దానిని పెంచే కారణాన్ని, ఏ పని ఏ కాలంలో చేయాలన్న విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఉప్పు క్షయం, ఖొండలైట్, గానుగ సున్నం, దర్జులు, విశాఖపట్టణం.

1. ఉపోద్ఘాతం:
నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. రాతి రంధ్రాల్లో చిక్కిన నీరు ఇలా పెరిగి రాయిని లోపలి నుండి పగులగొడుతుంది. విశాఖ తీరంలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకైనా రాదు. అయినా పాతనగరపు గోడల మీద తెల్లని పూత తేలడం, ఇటుక ముఖం పొట్టుగా రాలడం, రాయి పొరలుగా ఊడడం కనిపిస్తాయి. దీనినే జనం 'గోడకు ఉప్పు పట్టింది' అంటారు.

2. ఉప్పు పనిచేసే తీరు:
సముద్రపు తుంపర, నేలలోని చెమ్మ, ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలు గోడకు ఉప్పును చేరుస్తాయి. పరిశ్రమల పొగలోని గంధక డయాక్సైడు సున్నంతో కలిసి జిప్సంగా మారుతుంది.

సోడియం క్లోరైడు, అంటే మామూలు ఉప్పు, గాలి తేమ సుమారు 75 శాతం దాటితే కరిగి ద్రవమవుతుంది. అంతకు తగ్గితే మళ్ళీ స్ఫటికమవుతుంది. వర్షాకాలంలో తేమ తరచు ఈ హద్దుకు పైనే ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో నేలగాలి వీచే పగటివేళల్లో హద్దుకు దిగువకు జారి, రాత్రి మళ్ళీ పైకి చేరుతుంది. అలా ఉప్పు కరగడం, గట్టిపడడం పదేపదే సాగుతుంది.

సోడియం సల్ఫేటుకు చలి నేరుగా తోడవుతుంది. 100 గ్రాముల నీటిలో అది 30 డిగ్రీల వద్ద సుమారు 40 గ్రాములు కరిగితే, 20 డిగ్రీల వద్ద సుమారు 19 గ్రాములే కరుగుతుంది. మిగిలినది పది నీటి అణువులను కలుపుకొని స్ఫటికమవుతుంది. నిర్జల రూపంతో పోలిస్తే ఆ స్ఫటికపు ఘనపరిమాణం దాదాపు నాలుగు రెట్లు. అందువల్ల విశాఖలోని మామూలు చలిరాత్రి కూడా రాతి రంధ్రాలపై ఒత్తిడి తేగలదు.

3. స్థానిక రాయి – సిమెంటు మరమ్మతు:
విశాఖ కొండల రాయి ఖొండలైట్. ఖోండు తెగ పేరు మీద టి. ఎల్. వాకర్ 1902లో దీనికి ఈ పేరు పెట్టాడు. ఇందులోని ఫెల్డ్‌స్పార్ కాలక్రమేణా బంకమట్టిగా మారుతుంది. అలా శిథిలమైన రాయి నీటిని సులువుగా పీల్చుకుంటుంది.

పాత కట్టడాల్లో రాళ్ళ మధ్య దర్జులను సున్నంతో నింపారు. సున్నం రాయికన్నా మెత్తనిది, రంధ్రాలు గలది. గోడలోని చెమ్మ దర్జుల గుండా వెలికి వస్తుంది, ఉప్పు అక్కడే తేలుతుంది. కొన్నేళ్ళకు సున్నం రాలినా రాయి నిలుస్తుంది. ఆ దర్జులను సిమెంటుతో మూసినప్పుడు చెమ్మకు ఆ దారి లేక రాతి ముఖం గుండానే వెలికి వస్తుంది. అప్పుడు రాలేది దర్జు కాదు, రాయి. దర్జును మళ్ళీ నింపవచ్చు. రాలిన రాతి ముఖాన్ని తిరిగి తేలేము.

విశాఖ ఉక్కు కర్మాగారపు కొలిమి చిట్టెంతో తయారయ్యే స్లాగ్ సిమెంటు క్లోరైడులను, సల్ఫేట్లను బాగా తట్టుకుంటుంది. కొత్త పునాదులకు, కాంక్రీటుకు అది మేలైనది. అయితే అదీ గట్టి సిమెంటే కనుక పాత దర్జులకు తగదు.

4. పనుల క్రమం:
అ) వానలకు ముందు: చూరు, పిట్టగోడ పగుళ్ళు, వాన గొట్టాలు సరిచేయాలి. గోడ పాదం వద్ద నీరు నిలవకుండా వాలు కల్పించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన కాలాన్ని బట్టి, ఈ పని అక్టోబరుకు ముందే ముగియాలి.
ఆ) వానలు వెనుదిరిగాక: తేలిన ఉప్పును పొడి కుంచెతో దులిపి, ఎత్తి పారవేయాలి. నీటితో కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికి ఇంకుతుంది.
ఇ) డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు: సిమెంటు దర్జును రాతి అంచులు దెబ్బతినకుండా చేతి ఉలితో తీసి, గానుగ సున్నంతో నింపాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకు కొంత తడి అవసరం. వేసవి ఎండకు అది త్వరగా ఎండి పొడిబారుతుంది. శీతల దేశాల్లో సున్నపు పనిని ఆపించే చలికాలం, విశాఖలో ఆ పనికి అనువైన కాలం.
ఈ) పైపూత: ఆవిరిని ఆపే రంగులకు బదులు సున్నపు వెల్ల వేయాలి.

ముగింపు:
గోడలోకి నీరు చేరకుండా చూడడం సంరక్షణలో సగం. చేరిన నీరు వెలికి పోయే దారిని మూయకపోవడం మిగిలిన సగం. పాత కట్టడాల మరమ్మతు అంచనాల్లో పటుత్వాన్ని మాత్రమే లెక్కిస్తే ఈ రెండవ సగం విస్మృతమవుతుంది. దర్జు రాయికన్నా మెత్తగా ఉండాలన్న పాత తాపీమేస్త్రీల పద్ధతిని ఆ అంచనాల్లో ఒక నియమంగా చేర్చడం తక్షణావసరం.