బిడ్డతో పాటు ఇల్లంతా కదలాలి



నెల్లిమర్లలో జూట్ మిల్లు షిఫ్టుకు నడిచి వెళ్ళిన తాతలు మనలో చాలామందికి గుర్తే. నేడు బడికి ఆటో, బజారుకు మోటారు సైకిలు, సాయంత్రమైతే టీవీ, సెల్‌ఫోను. బిడ్డ ఒళ్ళు చేస్తే మొదట "గుంటడు బొద్దుగా ఉన్నాడు" అని మురిసిపోతాం. బడిలో తోటివారు వెక్కిరించి, వాడు ఆటలు మాని మూలన కూర్చున్నప్పుడు గాని మనకు దిగులు పుట్టదు. అప్పుడు "నువ్వు తినకు, నువ్వు పరుగెత్తు" అని వాడి మీద పడతాం. మనం మాత్రం కుర్చీలోంచి లేవం! ఇది బిడ్డకు శిక్షే గాని చికిత్స కాదు.

అమెరికాలో లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు స్థూలకాయం గల 6 నుండి 12 ఏళ్ళ పిల్లల కుటుంబాలను పదేళ్ళపాటు గమనించి, 1990లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం, వ్యాయామం గురించి అందరికీ ఒకే సంగతులు నేర్పారు. తల్లి గాని తండ్రి గాని బిడ్డతో కలిసి అలవాట్లు మార్చుకున్న ఇళ్ళలో, ఉండవలసిన దానికంటే ఎక్కువైన బరువు శాతం పదేళ్ళ తరువాత కూడా 7.5 తగ్గి ఉంది. బిడ్డ మీదనే దృష్టి పెట్టిన ఇళ్ళలో అది 4.5 పెరిగింది.

మరి ఎలాంటి వ్యాయామం మంచిది? నడక, సైకిలు వంటివి దినచర్యలో కలుపుకున్న పిల్లలు, కసరత్తులు చేసినవారి కంటే మేలైన ఫలితాన్ని నిలుపుకున్నారని వారే 1985లో తెలిపారు. 5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదంతా ఒకేసారి చేయనక్కరలేదు.

కాబట్టి రాత్రి భోజనం ముందే ముగించి అందరూ కలిసి వీధి చివరి వరకు నడవండి. ఆదివారం గుడికి బండి మాని నడిచి వెళ్ళండి. నీళ్ళు తేవడంలో, మొక్కలకు పోయడంలో బిడ్డకు పాలు ఇవ్వండి. నాన్న కబడ్డీ ఆడితే, అమ్మ తొక్కుడుబిళ్ళ ఆడితే పిల్లలు తమంతట తామే వస్తారు. టీవీ వేళను ఇంటిల్లిపాదికీ తగ్గించండి.

"ఆడపిల్లకు ఆటలెందుకు?" అనే పెద్దలకు ఒక మాట. మన నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుండి వచ్చిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి పతకం సాధించింది. మన అమ్మాయిలందరూ పతకాలు తేనక్కరలేదు, ఆరోగ్యంగా ఉంటే చాలు.

బిడ్డను పస్తు పెట్టకండి. ఎదిగే వయసులో చాలామందికి బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే చాలు. ఆయాసం గాని, కీళ్ళ నొప్పి గాని ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. అందరికీ ఒకే వంట వండండి. ముఖ్యంగా, వాడి ఒంటిని గూర్చి ఇంట్లో ఎవరూ ఎగతాళి చేయకండి.

ఈ సాయంత్రం "వెళ్ళి ఆడుకో" అంటారా, "రా, ఆడుకుందాం" అంటారా?