కనుమ పూట... పోగు మాంసం!

భోగికి మంట, సంక్రాంతికి అరిసె, కనుమకి వేట కూర! మాంసం తినే ఇళ్లలో కృష్ణా మెట్ట ప్రాంతపు పండగ లెక్క ఇదే. మైలవరం దగ్గరి రెడ్డిగూడెమైనా, అటు నందిగామ, జగ్గయ్యపేట పల్లెలైనా... ఆరోజు తెల్లారేసరికి ఇంటి పెద్దావిడకి ఒకటే బెంగ. హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ, బెజవాడ నుంచి కూతురూ అల్లుడూ, వెనకే పిల్లలూ! ముక్క మెత్తగా ఉడకాలి, అందరికీ సరిపోవాలి. మర్నాడు బస్సులెక్కేస్తే మళ్లీ ఇంతమంది ఒకే పంక్తిలో కూర్చునేది ఎప్పుడో!

అందరికీ అన్నీ

పొట్టేలు మొత్తాన్ని ఒక్క ఇంటివాళ్లే కొనడం అందరికీ కుదరదు. అందుకే నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి కొని, పోగులు వేసుకోవడం పల్లెల్లో పాత అలవాటు. తొడ, జబ్బ, పక్కటెముకలు, కార్జం... ప్రతి పోగులోనూ అన్నీ పడాలి. ఒకరికి కండ, ఒకరికి ఎముక వెళ్లిందా, పండగపూట మాటపట్టింపులే! చిన్న కుటుంబమైతే అరపోగు తీసుకుంటుంది. డబ్బు తక్కువున్న ఇంట్లోనూ ఆరోజు కూర వాసన వచ్చేది ఈ పద్ధతి వల్లే.

లేత మాంసం గులాబీ రంగులో, కొవ్వు తెల్లగా ఉంటుంది. ముదురుదైతే ఎర్రగా, కొవ్వు పసుపుపచ్చగా కనిపిస్తుంది. ముదురైనా కంగారక్కర్లేదు. జబ్బ, మెడ ముక్కల్లోని గట్టి పీచు సన్న సెగ మీద నెమ్మదిగా కరిగి, పులుసుకి చిక్కదనం ఇస్తుంది. తొందరపడి మంట పెంచితేనే ముక్క బిరుసెక్కుతుంది.

కావలసినవి

ఎముకలతో మాంసం: కిలో, ఉల్లిపాయలు: నాలుగు, పచ్చిమిర్చి: నాలుగు, అల్లంవెల్లుల్లి ముద్ద: రెండు చెంచాలు, కారం: మూడు చెంచాలు, పసుపు: అరచెంచా, ధనియాలు: రెండు చెంచాలు, గసగసాలు: చెంచా, ఎండుకొబ్బరి: చిన్న ముక్క, లవంగాలు: ఆరు, దాల్చినచెక్క: రెండు ముక్కలు, నూనె, ఉప్పు, కొత్తిమీర: తగినంత.

తయారుచేసే విధానం

కడిగిన మాంసానికి ఉప్పు, పసుపు, సగం అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచాలి. ధనియాలు, గసగసాలు, కొబ్బరి, లవంగాలు, చెక్క వేయించి మెత్తగా నూరాలి. నూనెలో ఉల్లి, పచ్చిమిర్చి ఎర్రగా వేగాక మిగిలిన ముద్ద, ఆపైన మాంసం వేసి, ఊరిన నీరు ఇంకేదాకా మగ్గనివ్వాలి. కారం వేసి కలిపి, ముక్కలు మునిగేలా వేన్నీళ్లు పోసి, మూతపెట్టి సన్న సెగన ఉడికించాలి. ముక్క మెత్తబడ్డాక నూరిన మసాలా, చివర్లో కొత్తిమీర వేసి దించాలి.

గోంగూర కలపాలంటే విడిగా ఉడికించి, మాంసం ఉడికాకే వేయాలి. పులుపు ముందే పడితే ముక్క ఉడకదని పెద్దల అనుభవం. మామిడి తోటల సీమ కదా... వేసవి సెలవుల్లో ఇదే కూరలో పుల్లమామిడి ముక్కలు పడతాయి!

పక్కన గారెలు తప్పనిసరి. కనుమనాడు మినుము తినాలన్నది మనవాళ్ల మాట.

మిగిలిన కూరను రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరిగించాలి. పూర్తిగా చల్లారకుండా క్యారేజీలో మూతపెట్టి ప్రయాణానికి ఇస్తే పాడవుతుంది. అయినా ఏ అమ్మ మనసు ఊరుకుంటుంది? అందుకే రసం ఇగిరిపోయేలా వేపుడుగా వేయించి, చల్లార్చి, మధ్యాహ్నానికల్లా తినేయమని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ పంపుతుంది!