పుట్టింటి దారిన వచ్చిన మాట

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం నడుస్తున్నప్పుడు మా ఊరి రాత్రిబడిలో నేనే చదువు చెప్పేదాన్ని. లాంతరు చుట్టూ పదిహేను మంది ఆడవాళ్లు. నాట్లేసి వచ్చిన చేతులు, గోళ్ల సందుల్లో బురద. పుస్తకంలో సీతమ్మ కథ వచ్చేసరికి ఎవరికీ అక్షరాలు కూడబలుక్కునే ఓపిక ఉండేది కాదు. సారాకు సంసారం గుల్లయిన కథ అది. పుస్తకం పక్కన పెట్టి ఎవరింటి సంగతి వాళ్లు చెప్పుకునేవాళ్లు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న మాట మాకు పేపరులో రాలేదు. పుట్టింటికి వెళ్లొచ్చిన ఒకామె మోసుకొచ్చింది. తర్వాత అదే ముచ్చట 'ఆడవాళ్లు ఏకమైతే' అని పాఠంగా అచ్చయింది. ఆ పోరాటంతో దూబగుంట రోశమ్మ గారి పేరు లోకానికి తెలిసింది, తెలియాల్సిందే. కానీ ఆమె మా ఊరికి రాలేదు. మా ఊరిని కదిలించింది మా ఊరివాళ్లే.

సినిమా బాగుందని ఒక్కరు చెబితే చాలు, వెళ్తాం. ఇంటికెళ్తే దెబ్బలు తప్పవని తెలిసీ వీధిలోకి రావాలంటే ఒక్క నోటి మాట సరిపోదు. తోడికోడలు రావాలి, నాట్ల జట్టులో పక్కన వంగే మనిషి రావాలి, ఎదురింటామె రావాలి. "నువ్వొస్తే నేనొస్తా మే" అన్న మాట మా బోరింగు దగ్గర ఎన్ని రోజులు నలిగిందో! సారా ప్యాకెట్ల జీపు వచ్చిన సాయంత్రం ముందు ముగ్గురే అడ్డం నిలబడ్డారు. చేలోంచి వస్తున్న జట్టు ఆ ముగ్గురినీ చూసి ఆగింది. తట్టలు దించి పక్కనే నిలబడింది. చీకటి పడేసరికి రోడ్డంతా చిట్లిన ప్యాకెట్లు, ముక్కులు పగిలే వాసన.

ఊరూరా ఇలాగే జరిగింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు.

అయితే ఆడవాళ్ల జట్లు చెదిరిపోలేదు. రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి మా ఊళ్లో మొదలైనప్పుడు పుస్తకంలో పేర్లు నేనే రాశాను. రాత్రిబడి హాజరు పట్టీలో ఉన్న పేర్లే మళ్లీ వచ్చాయి. పేర్ల పక్కన మూడు వేలిముద్రలు, తక్కినవన్నీ సంతకాలు.